ల్యాప్‌టాప్ నిండిపోయింది: కొత్త ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనాలా, పాత డిస్క్‌కి ఎన్‌క్లోజర్ వేయాలా?

తెనాలి_రంగస్థలం
ల్యాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే డ్రైవ్) ఒక్కటే. సి డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయి చాలా రోజులైంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మధ్యలోనే ఆగిపోతోంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడే పద్యనాటకాలను ఫోర్‌కేలో రికార్డు చేస్తుంటాను. గంటకి దగ్గర దగ్గర 45 జీబీ అవుతుంది, నాటకం మూడు గంటలు నడిస్తే మీరే లెక్క వేసుకోండి. ఇది కాక నాన్నగారు అప్పట్లో తీయించిన వీడియో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ క్యాసెట్లకి బూజు పట్టేసింది కాబట్టి ఇప్పుడు మిగిలింది ఆ ఫైళ్లే.

మామయ్యగారి పాత ల్యాప్‌టాప్ బోర్డు పోతే అందులోంచి తీసిన 1 టీబీ హార్డ్ డిస్క్ ఇంట్లో ఉంది, 2.5 అంగుళాలది. దానికి ఎన్‌క్లోజర్, అంటే డిస్క్‌ని లోపల పెట్టి యూఎస్‌బీకి తగిలించుకునే డబ్బా, వేస్తే వెయ్యి రూపాయల లోపే పని అయిపోతుందని షాపతను అంటున్నాడు. తమ్ముడేమో కొత్త 2 టీబీ పోర్టబుల్ కొనమంటాడు. ఎస్ఎస్‌డీ తప్ప ఇంకేదీ వద్దనేవాళ్లు ఇంకొందరు. ఎటూ తేలక టెన్షన్‌గా ఉంది. ఎడిటింగ్ కూడా ఆ డ్రైవ్ మీద నుంచే చేసుకోవాలని ఉంది.

పాలమూరు_పోరడు
ఎన్‌క్లోజర్ వేసెయ్ అన్నా. ఉన్న డిస్క్‌ని మూలకి పడేసి కొత్తది ఎందుకు కొనడం?

డిస్కు_వైద్యం
తొందరపడకండి. ముందు ఆ డిస్క్ ఆరోగ్యం చూడాలి. దాన్ని ఏదైనా కంప్యూటర్‌కి తగిలించి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరిచి 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. 05 అంటే పాడైతే పక్కన పెట్టేసి వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గళ్లు). సీ5 అంటే చదవడం కష్టమై, ఏం చేయాలో డిస్క్ ఇంకా తేల్చుకోని సెక్టార్లు. సీ6 అంటే అసలు చదవలేకపోయినవి. మూడింటి పక్కనా సున్నాలే ఉంటే వాడుకోవచ్చు. సీ5 సున్నా కాకపోతే, అందులోనూ వారం వారం పెరుగుతుంటే, ఆ డిస్క్ మీద నాన్నగారి నాటకాలు మాత్రం పెట్టకండి.

ఇంకో మాట. తగిలించగానే విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అని గానీ ‘ఇనిషియలైజ్ చేయాలా’ అని గానీ అడిగితే వద్దనండి. మామయ్యగారి ఫైళ్లు అందులోనే ఉండి ఉండొచ్చు. రికవరీ కీ అడిగితే అది బిట్‌లాకర్ తాళం. ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్తే ఆ కీ దొరికే అవకాశం ఉంటుంది.

డల్లాస్_గోదావరి
ఈ రోజుల్లో తిరిగే డిస్కులు ఎందుకండీ? ఇండియాకి వచ్చేటప్పుడల్లా నేను జేబులో పెట్టుకొచ్చేది చిన్న ఎస్ఎస్‌డీనే. కింద పడినా ఏమీ కాదు, వేగం ఎక్కువ. ఎడిటింగ్ అంటున్నారు కాబట్టి వేరే ఆలోచనే అక్కర్లేదు.

ఓరుగల్లు_టెక్
@డల్లాస్_గోదావరి ఎడిటింగ్‌కి ఒప్పుకుంటాను, దాచుకోవడానికి ఒప్పుకోను. ఆయనకి కావలసినవి రెండు వేర్వేరు పనులు. ఒకటి ఈ నెల నాటకాన్ని కత్తిరించి అతికించడం, రెండోది పదేళ్ల నాటకాలు భద్రంగా ఉంచడం. ఈ రెంటినీ ఒకే డబ్బాతో చేయాలనుకుంటేనే ఎటూ తేలదు. మొదటిదానికి ఎస్ఎస్‌డీ, రెండోదానికి మామూలు హార్డ్ డిస్కులు, అది కూడా రెండు. అదే డబ్బుకి హార్డ్ డిస్క్‌లో ఎన్నో రెట్లు చోటు వస్తుంది. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ఈ మధ్య ఎస్ఎస్‌డీల ధరలు ఎలా పెరిగాయో చూస్తున్నారుగా.

బందరు_లడ్డూ
రెండు హార్డ్ డిస్కులా! ఒకటి కొనడానికే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలి 😄

ఓరుగల్లు_టెక్
అవును, రెండే. క్యాసెట్లు పోయాయని ఆయనే చెప్పాడు కదా. ఉన్న ఒక్క కాపీని ల్యాప్‌టాప్ నుంచి తీసి ఎక్స్‌టర్నల్‌లో పెడితే అప్పుడూ ఒక్క కాపీనే. చోటు మారింది, భద్రత పెరగలేదు.

తెనాలి_రంగస్థలం
నిజమే, ఆ కోణంలో ఆలోచించలేదు. డిస్క్ చెక్ చేసి చెప్తాను. అది సరే గానీ ఎన్‌క్లోజర్లలో రకాలేంటి? షాపులో ఒకే సైజువి నాలుగైదు చూపించారు, రేటు మాత్రం రెండింతల తేడా ఉంది.

సీటీసీ_కుర్రాడు
సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇదే మా పని, చెప్తాను చూడండి. మీ డిస్క్ సాటా రకం, అంటే దాన్ని కంప్యూటర్‌కి కలిపే కనెక్టర్ పేరు సాటా. దానికి 2.5 అంగుళాల సాటా ఎన్‌క్లోజర్ చాలు. అడగాల్సినవి మూడు. యూఎస్‌బీ 3.0 ఉందా, యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డిస్క్ ఇంకా వేగంగా నడిచే పద్ధతి) ఉందా, లోపల చిప్ ఏది. ఏఎస్‌మీడియా వాళ్ల 1153ఈ, జేమైక్రాన్ వాళ్ల జేఎంఎస్ 578 చాలా వాటిలో కనిపిస్తాయి, రెండూ బాగానే పని చేస్తాయి. డబ్బా మీద చిప్ పేరు లేకుండా రంగురంగుల లైట్ల బొమ్మ మాత్రమే ఉంటే నేనైతే తీసుకోను. ప్లాస్టిక్‌దైనా పర్లేదు, తిరిగే డిస్క్ అంతగా వేడెక్కదు.

మందం కూడా చూడండి. ల్యాప్‌టాప్ డిస్కులు 7 గానీ 9.5 గానీ మిల్లీమీటర్లు ఉంటాయి. 4, 5 టీబీల 2.5 అంగుళాల డిస్కులు 15 మిల్లీమీటర్లు. అవి ఈ ఎన్‌క్లోజర్లలో పట్టవు.

పాలమూరు_పోరడు
నేను చెప్పిందే కదా. ఎన్‌క్లోజర్ వేసెయ్.

డిస్కు_వైద్యం
@పాలమూరు_పోరడు వెయ్యొచ్చు తమ్ముడూ, కాదనలేదు. దాన్నే నమ్ముకోవద్దంటున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి తిరిగిన డిస్క్ అది.

రెంటచింతల_ఎండ
ఎస్ఎస్‌డీ అంటున్నారు కాబట్టి ఒక మాట. ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (ఎం.2 అంటే సన్నటి చిన్న పలక ఆకారం, ఎన్‌వీఎంఈ అంటే సాటా కంటే వేగంగా నడిచే రకం) విడిగా కొని ఎన్‌క్లోజర్‌లో వేసుకునేవాళ్లు మా వైపు ఎండల గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుని పెద్ద ఫైల్ కాపీ పెట్టినా ఆ అల్యూమినియం డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. వేడెక్కాక వేగం దానంతట అదే తగ్గించుకుంటుంది. లోపల థర్మల్ ప్యాడ్ ఇస్తారు, చాలామంది దాన్ని అతికించకుండా వదిలేస్తారు. ఎస్ఎస్‌డీ నుంచి ఆ ప్యాడ్ ద్వారానే వేడి డబ్బాకి చేరేది. కాబట్టి డబ్బా వేడెక్కిందంటే ప్యాడ్ తన పని తాను చేస్తున్నట్టే, కంగారు పడక్కర్లేదు.

లైనక్స్_లక్ష్మి
ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్లలో రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 9210బీ చిప్ ఉన్నది చూసుకోండి. ఎం.2 రూపంలో సాటా ఎస్ఎస్‌డీలూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని ఎన్‌క్లోజర్‌లో ఇంకొకటి పని చేయదు. ఈ చిప్ రెండింటినీ నడుపుతుంది. జేఎంఎస్ 583, ఏఎస్ఎం 2362 ఉన్నవి ఎన్‌వీఎంఈకి మాత్రమే. మూడూ 10 జీబీపీఎస్ (సెకనుకి 10 గిగాబిట్లు, గిగాబైట్లు కాదు) రకమే, అంటే మంచి ఎస్ఎస్‌డీ వేస్తే సెకనుకి 900 ఎంబీ పైనే వస్తుంది. 20, 40 జీబీపీఎస్ అని అమ్మేవి కూడా ఉన్నాయి గానీ, మీ ల్యాప్‌టాప్ పోర్ట్‌కి ఆ శక్తి లేకపోతే ఆ డబ్బు దండగ. ముఖ్యంగా 20 రకానికి ల్యాప్‌టాప్‌లో ప్రత్యేకంగా సపోర్ట్ ఉండాలి, చాలావాటిలో ఉండదు.

@తెనాలి_రంగస్థలం మీ ల్యాప్‌టాప్ మోడల్ ఏంటో చెప్పండి.

తెనాలి_రంగస్థలం
మోడల్ పేరుతో వెతికి చూశాను లక్ష్మి గారూ. టైప్ సి ఒకటి 10 జీబీపీఎస్, మామూలు యూఎస్‌బీలు రెండు 5 జీబీపీఎస్, ఇంకొకటి పాత 2.0. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ పెడుతున్నది ఆ 2.0 పోర్ట్‌కే.

లైనక్స్_లక్ష్మి
అయితే టైప్ సి ఎస్ఎస్‌డీకి, 5 జీబీపీఎస్‌వి, అంటే 3.0వి, హార్డ్ డిస్కులకి. 2.0ని మౌస్‌కి వదిలేయండి. దాని మీద సెకనుకి 35, 40 ఎంబీకి మించి రాదు. 1 టీబీ కాపీ పెడితే ఏడెనిమిది గంటలు. అదే హార్డ్ డిస్క్‌ని 3.0 మీద పెడితే 100 నుంచి 130 దాకా వస్తుంది, రెండున్నర గంటల్లో తేలిపోతుంది. తిరిగే డిస్క్‌కి 5 జీబీపీఎస్సే ఎక్కువ, దాని కోసం 10 రకం ఎన్‌క్లోజర్ కొన్నా ఒరిగేదేమీ లేదు.

బందరు_లడ్డూ
పద్యానికి జనం వన్స్‌మోర్ కొడితే కాపీ టైం ఇంకో పది నిమిషాలు పెరుగుతుంది 😂

తెనాలి_రంగస్థలం
నవ్వుతున్నారు గానీ నిజం. రాయబారం సీనులో ఒక్కో పద్యానికి రెండు మూడు వన్స్‌మోర్లు పడతాయి, వాటిని కత్తిరిస్తే చూసేవాళ్లు ఊరుకోరు.

గుంటూరు_మిర్చి
కేబుల్ సంగతి ఎవరూ చెప్పలేదేం? ఫోన్‌తో వచ్చిన టైప్ సి ఛార్జింగ్ కేబుళ్లలో చాలావరకు లోపల 2.0 తీగలే ఉంటాయి. మా ఆఫీసులో ఒకాయన కొత్త ఎస్ఎస్‌డీ నెమ్మదిగా ఉందని వాపసు పంపడానికి ప్యాక్ కూడా చేసేశాడు. దానితో వచ్చిన కేబుల్ పెట్టించి చూస్తే వేగం సరిగ్గానే వచ్చింది. డ్రైవ్‌తో ఇచ్చిన పొట్టి కేబుల్‌ని పారేయకండి, పొడుగ్గా ఉండాలని వేరేది వాడకండి.

డల్లాస్_గోదావరి
మంచి పాయింట్. ఇంకొకటి, ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు లోపలి మెమరీ టీఎల్‌సీనా (ఒక్కో గదిలో మూడు బిట్లు) క్యూఎల్‌సీనా (నాలుగు బిట్లు) చూడాలి. క్యూఎల్‌సీ చవక. మొదట్లో వేగంగా రాస్తుంది, లోపల కేటాయించుకున్న క్యాష్ (ముందు వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక కొన్ని మోడళ్లలో హార్డ్ డిస్క్ కంటే కిందకి కూడా పడిపోతుంది. 135 జీబీ నాటకం ఒక్కసారిగా ఎక్కించేవాళ్లకి అది బాగా తెలుస్తుంది.

ఓరుగల్లు_టెక్
@డల్లాస్_గోదావరి ఇది వంద శాతం కరెక్ట్. హార్డ్ డిస్కుల్లోనూ అలాంటి గొడవే ఉంది, ఎస్ఎంఆర్. 1 టీబీ దాటిన 2.5 అంగుళాల పోర్టబుళ్లు ఇప్పుడు దాదాపు అన్నీ ఎస్ఎంఆర్ రకమే. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు పరిచినట్టు ట్రాకుల్ని ఒకదాని మీదికి ఒకటి ఒత్తి రాస్తారు, అందుకే తక్కువ జాగాలో ఎక్కువ డేటా పడుతుంది. మధ్యలో ఒకటి మార్చాలంటే దాని తర్వాతివి కూడా కదిలించి మళ్లీ రాయాలి. ఒకసారి ఎక్కించి చదువుకోవడానికి ఇబ్బంది లేదు. రోజూ చెరిపి రాస్తూ, దాని మీదే ఎడిటింగ్ చేస్తే మాత్రం గిలగిలలాడుతుంది. 2020లో నాస్‌ల (నెట్‌వర్క్‌కి తగిలించుకునే స్టోరేజ్ డబ్బాల) కోసం అమ్మిన డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) రెడ్ డ్రైవ్‌లలో కొన్ని ఎస్ఎంఆర్ అని ముందుగా చెప్పలేదని పెద్ద రభస జరిగింది, తర్వాత కంపెనీ ఏ మోడల్ ఏ రకమో జాబితా పెట్టింది.

నెల్లూరు_నెట్
అయితే 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డ్రైవ్ ఎందుకు తీసుకోకూడదు? టీబీకి రేటు చూస్తే తక్కువ పడుతుంది, 8 టీబీలు, 16 టీబీలు కూడా దొరుకుతాయి.

సీటీసీ_కుర్రాడు
తీసుకోవచ్చు అన్నా, ఇంట్లో ఒకచోట కదలకుండా పెట్టుకునేవాళ్లకి అదే మంచిది. కానీ దానికి 12 వోల్టుల అడాప్టర్ వేరే ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది గానీ డ్రైవ్ ఆగిపోతుంది. యూపీఎస్ గానీ ఇన్వర్టర్ గానీ ఉంటేనే పెట్టుకోండి. 2.5 అంగుళాలదైతే యూఎస్‌బీ పోర్ట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. దాన్ని కూడా నాలుగు పోర్ట్‌ల చవక హబ్‌కి తగిలిస్తే కరెంటు చాలక టిక్ టిక్‌మని మోగుతుంది. డిస్క్ పోయిందని ఏడుస్తూ మా దగ్గరికి తెచ్చినవాటిలో, నేరుగా పోర్ట్‌కి పెట్టగానే చక్కగా తెరుచుకున్నవి ఉన్నాయి.

పాలమూరు_పోరడు
ఆన్‌లైన్‌లో 16 టీబీ ఎస్ఎస్‌డీ రెండు వేలకే కనిపిస్తోంది. ఎవరైనా కొన్నారా?

డిస్కు_వైద్యం
కొనకు తమ్ముడూ! పచ్చి మోసం అది. లోపల ఒక చిన్న మెమరీ కార్డు పెట్టి, విండోస్‌కి 16 టీబీ అని చూపించేలా చేస్తారు. కార్డు నిండేదాకా కాపీ బాగానే జరుగుతుంది, ఆ తర్వాత ఎక్కించినవన్నీ గాలికి పోతాయి. ఫోల్డర్‌లో పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఒక పెళ్లి వీడియో అలాంటి దానిలో పెట్టి నా దగ్గరికి తెచ్చారు. నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు, ఎందుకంటే ఆ డేటా అసలు రాయబడనే లేదు. ఏ డ్రైవ్ కొన్నా వాపసు గడువు ఉండగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూసుకోండి. లైనక్స్, మ్యాక్ వాళ్లకి ఎఫ్3 ఉంది.

బందరు_లడ్డూ
ఈ ఒక్క పోస్టుని పైన పిన్ చేయండి ఎవరైనా.

నెల్లూరు_నెట్
నేను కొన్న 2 టీబీ డ్రైవ్‌లో 1.81 టీబీనే చూపిస్తోంది. ఇది కూడా నకిలీదేనా?

గుంటూరు_మిర్చి
కాదు కాదు. కంపెనీలు వెయ్యి చొప్పున లెక్కిస్తాయి, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. 1 టీబీ కొంటే 931 జీబీ కనిపిస్తుంది. ఎవరిది కొన్నా అంతే.

తెనాలి_రంగస్థలం
డిస్క్ చూశాను. 05 దగ్గర సున్నా, సీ6 దగ్గర సున్నా, సీ5 దగ్గర 8 ఉంది. మామయ్యగారి ఫొటోలు అందులోనే ఉన్నాయి, అవి ముందు వేరే చోటికి తీశాం, అన్నీ తెరుచుకుంటున్నాయి.

డిస్కు_వైద్యం
8 అంటే వెంటనే చనిపోతుందని కాదు. ఫొటోలు బయటికి వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఒకసారి క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ చేసి చూడండి. రాసేటప్పుడు ఆ సెక్టార్లు బాగుపడితే సీ5 సున్నాకి వస్తుంది. బాగుపడకపోతే ఆ లెక్క 05లోకి చేరుతుంది. ఆ తర్వాత పెరగకుండా ఉంటే అదనపు మూడో కాపీకి వాడుకోండి, అంతవరకే.

కొత్త పోర్టబుల్ కొనేటప్పుడు ఒకటి గమనించండి. డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ లాంటి వాటిలో యూఎస్‌బీ పోర్ట్ నేరుగా డ్రైవ్ బోర్డు మీదే ఉంటుంది, లోపల సాటా కనెక్టర్ ఉండదు. పోర్ట్ విరిగితే తీసి వేరే ఎన్‌క్లోజర్‌లో వేద్దామంటే కుదరదు. పైగా మై పాస్‌పోర్ట్ డేటాని బోర్డే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. సీగేట్ పోర్టబుళ్లలో ఎక్కువగా మామూలు సాటా డిస్క్, దాన్ని యూఎస్‌బీకి కలిపే చిన్న బ్రిడ్జి బోర్డు ఉంటాయి, అది పోతే మార్చుకోవచ్చు. అందుకని సీగేట్ ఎప్పుడూ పాడవదని నేను అనడం లేదు. అన్ని కంపెనీలవీ నా బల్ల మీదికి వస్తాయి. పోర్ట్ విరగ్గొట్టే అలవాటున్న ఇంట్లో ఈ తేడా తెలియాలి.

రెంటచింతల_ఎండ
వారంటీ మూడేళ్లు ఉంటుంది కదా, ఇంత భయమెందుకు?

డిస్కు_వైద్యం
వారంటీ డ్రైవ్‌కి. పాడైతే ఇంకో డ్రైవ్ ఇస్తారు, లోపలి నాటకాలు తెచ్చివ్వరు. కొన్ని మోడళ్లకి రికవరీ సర్వీసు కూడా కలిపి ఇస్తున్నారు, అది ఉంటే మంచిదే గానీ అన్నీ తిరిగొస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తెనాలి_రంగస్థలం
ఇంకో సందేహం. ఎస్ఎస్‌డీని కరెంటు లేకుండా బీరువాలో పెడితే డేటా ఎగిరిపోతుందంటారు, నిజమేనా?

డల్లాస్_గోదావరి
దాన్ని భూతంలా చూపిస్తారు గానీ అంత లేదండి. జెడెక్ (మెమరీ చిప్‌లకి ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణంలో కరెంటు లేకుండా ఏడాది డేటా నిలవాలని ఉన్న లెక్క, రాయడానికి ఇచ్చిన జీవితకాలం మొత్తం వాడేసిన ఎస్ఎస్‌డీ గురించి, అదీ 30 డిగ్రీల దగ్గర పెడితే. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుకుంటుంది.

ఓరుగల్లు_టెక్
లెక్క సరైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ 30 డిగ్రీలు అనేది మన బీరువాలకి డిసెంబర్ మాట. వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. కాబట్టి ఉన్న ఒకే కాపీని ఎస్ఎస్‌డీలో పెట్టి ఏళ్ల తరబడి మర్చిపోవడం నాకు నచ్చదు. హార్డ్ డిస్క్‌ని కూడా ఆరు నెలలకోసారైనా తీసి తిప్పి, రెండు మూడు వీడియోలు తెరిచి చూడాలి. సముద్రం పక్క ఊళ్లవాళ్లు సిలికా జెల్ పొట్లం వేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి, తేమకి కనెక్టర్లు తుప్పు పడతాయి.

డల్లాస్_గోదావరి
సరే, దాచుకోవడానికి హార్డ్ డిస్కే. ఎడిటింగ్‌కి మాత్రం నా మాట వినండి.

తెనాలి_రంగస్థలం
విన్నాను. సికింద్రాబాద్ వెళ్లే పని పడితే సీటీసీలోనే తీసుకున్నాను. 9210బీ చిప్ ఉన్న ఎన్‌క్లోజర్, 500 జీబీ టీఎల్‌సీ ఎన్‌వీఎంఈ, 2 టీబీ పోర్టబుల్ ఒకటి. రెండో 2 టీబీ వచ్చే నెల జీతం రాగానే. అందాకా క్యాసెట్ల ఫైళ్లను పాత డిస్క్‌లో కూడా పెట్టాను, ఫుల్ ఫార్మాట్ తర్వాత సీ5 సున్నాకి వచ్చింది. ఎన్‌వీఎంఈ మీద ఎడిటింగ్ హాయిగా నడుస్తోంది, టైమ్‌లైన్ ఎక్కడా ఆగడం లేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ కూడా పెట్టాను, రాత్రంతా నడిచి తప్పుల్లేకుండా ముగిసింది.

పోర్టబుల్‌ని ఏ ఫార్మాట్‌లో ఉంచాలి? తమ్ముడిది మ్యాక్, టీవీకి కూడా పెట్టి చూడాలి.

లైనక్స్_లక్ష్మి
ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంచితే మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. ఫ్యాట్32 అయితే ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, మీ నాటకం మొదటి అంకానికే నిండుతుంది. ఎక్స్‌ఫ్యాట్ విండోస్, మ్యాక్ రెండింటిలోనూ నడుస్తుంది. కాకపోతే దానిలో జర్నలింగ్ (చేయబోయే మార్పుని ముందే రాసి పెట్టుకునే పద్ధతి) లేదు, రాస్తుండగా లాగేస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి తమ్ముడికిచ్చేది ఎక్స్‌ఫ్యాట్‌లో, వచ్చే నెల కొని బీరువాలో పెట్టేది ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంచండి. ఏదైనా సరే ఎజెక్ట్ కొట్టాకే తీయండి. మీ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో ఒక పెన్‌డ్రైవ్‌తో ముందు చూసుకోండి, పాత టీవీలు కొన్ని చదవవు.

డిస్కు_వైద్యం
రెండోది వచ్చాక దాన్ని అదే ఇంట్లో పెట్టకుండా మామయ్యగారింట్లో పెట్టండి. ఇంట్లో దొంగలు పడ్డా, నీళ్లొచ్చినా రెండూ ఒకేసారి పోకుండా ఉంటాయి.

బందరు_లడ్డూ
మామయ్యగారు పద్యాలు వింటూ డిస్క్‌ని వదలరేమో చూసుకోండి 😄

తెనాలి_రంగస్థలం
ఆయన ఇప్పటికే అడిగారు! టీవీ పెన్‌డ్రైవ్‌ని చదివింది లక్ష్మి గారూ, ఎక్స్‌ఫ్యాటే చేస్తున్నాను.